తిథి చూసుకుని వెళ్లాల్సిన సముద్రం

ఇంటికి చేరి నాలుగు రోజులైంది. పెరట్లో ఆరబెట్టిన బూట్ల కుట్లలో నుంచి బూడిదరంగు ఒండు ఇంకా రాలుతూనే ఉంది. మా ఇంటామె రోజూ దాన్ని చీపురుతో ఊడుస్తూ, "సముద్రం మొత్తం హన్మకొండకు మోసుకొచ్చినవు" అంటున్నది. ఆ మట్టి రాలడం ఆగేలోపే ఈ నాలుగు ముక్కలు రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను.

సింగరేణిలో 31 ఏళ్లు పనిచేశాను. గోదావరిఖనిలో దిగి, భూపాలపల్లిలో తేలాను. బొగ్గు బాయిలో బతికినవాడికి రాయితో ఉండే సంబంధం వేరు. నెత్తిమీది ఇసుకరాయిని కర్రతో తట్టి చూస్తాం. గట్టిగా పలికితే ముందుకు పోతాం, డొల్లగా పలికితే ఆగిపోతాం. మేము తవ్వి తీసిన బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి; గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులు, నాలుకలాంటి ఆకారంలో, ఈనెలతో సహా రాతి పలకల మధ్య దొరికేవి. ఇన్నేళ్లూ రాయి అంటే ఎప్పుడో చచ్చిపోయిన వస్తువనీ, దానితో మనకున్న పేచీ అంతా అది మీద పడుతుందా పడదా అన్నదేననీ అనుకుంటూ వచ్చాను.

మా బామ్మర్దికి జమ్మికుంటలో పత్తి వ్యాపారం. రాజ్‌కోట్‌లోని ఒక జిన్నింగు మిల్లు యజమాని కూతురి పెళ్లికి అతనికి పిలుపు వచ్చింది. "పెళ్లి మూడు గంటల ముచ్చట బావా. అక్కడికి దగ్గర్లనే సముద్రం వెనక్కి పోతదట, దాని అడుగున నడవొచ్చట" అన్నాడు. అది కచ్ సింధుశాఖలోని సముద్ర జాతీయ ఉద్యానమని తర్వాత తెలిసింది. మేడారం చిన్న జాతర కూడా ఆ నాలుగు రోజులే, ఫిబ్రవరి 12 నుంచి 15 వరకు ఉండటంతో మా ఇంటామె మొదట ససేమిరా అన్నది. ముందే వెళ్లి అమ్మవార్లకు బంగారం, అంటే బెల్లం, సమర్పించి వచ్చాకే పెట్టె సర్దింది. మా వీధి చివర ఉండే అయ్యగారు, వైష్ణవాలయంలో అర్చకత్వం చేసి విరమించిన పెద్దాయన, ద్వారక కూడా పోతున్నామని విని, "దొరికితే ఒక చక్రశిల తెండి" అని అడిగారు. చక్రాల గుర్తులుండే పూజరాయి అది. ఆ మాట అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం: జామ్‌నగర్

రాజ్‌కోట్ నుంచి వస్తుంటే దారి పొడవునా నల్లరేగడే కనిపించింది. కోత అయిపోయిన పత్తికట్టె చేలు, వేరుశనగ చేలు, గట్ల మీద నల్లరాతి గుండ్లు చూసి మా బామ్మర్ది, "భైంసా పోయినట్టే ఉన్నది గదా" అన్నాడు. అతను తెలియక అన్నా ఆ మాట నిజం. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారిన లావాయే దక్కను నల్లరాయి. దాని ఒక అంచు మన నిర్మల్, భైంసా వైపు తేలితే, పడమటి అంచుల్లో ఒకటి ఈ సౌరాష్ట్రలో సముద్రంలోకి దిగుతుంది. ఆ రాయి అరిగి మిగిలిన మట్టే రెండుచోట్లా పత్తిని పండిస్తోంది. వెయ్యి కిలోమీటర్లు వచ్చాక కూడా మన మట్టిలోనే ఉన్నామనిపించడం విచిత్రంగా తోచింది.

సాయంత్రం లఖోటా చెరువు చుట్టూ తిరిగాం. 19వ శతాబ్దంలో ఇక్కడి సంస్థానాన్ని ఏలిన జాం రణమల్ కరువు పనుల కింద తవ్వించాడట. చెరువు మధ్యలో గుండ్రటి కోట. కాకతీయుల చెరువుల ఊరి నుంచి వచ్చినవాళ్లం కాబట్టి మత్తడి ఎక్కడుందా అని వెతకడం మాకు అలవాటు. అక్కడి జనం మాత్రం చెరువు గట్టున నిలబడి శనగపిండి గాంఠియాలను గాలిలోకి విసురుతుంటే, చలికాలపు విడిదికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన తెల్లటి సముద్రపు పక్షులు వాటిని ఎగురుతూనే అందుకుంటున్నాయి. అంత దూరం ఎగిరొచ్చిన పక్షికి నూనెలో వేగిన పిండి పెట్టడం నాకు నచ్చలేదు గానీ, విసురుతున్న పిల్లల మొహాలు చూసి ఊరుకున్నాను. గట్టునే బాలా హనుమాన్ గుడి ఉంది. 1964 ఆగస్టు 1 నుంచి అక్కడ రామనామం పగలూ రాత్రీ ఆగలేదు. మేము వెళ్లినప్పుడు నలుగురు ముసలివాళ్లు, ఒక కాలేజీ కుర్రవాడు పాడుతున్నారు. కుర్రవాడి వంతు అయిపోగానే తాళం చెప్పుల దుకాణం ఆయన చేతికి మారింది. ఇది కూడా షిఫ్టు పనేనని మా ఇంటామెతో అన్నాను.

తిండి విషయంలో ఆ రాత్రి కొంచెం గొడవ జరిగింది. ఘూఘరా అని మన కజ్జికాయలాంటిదే, లోపల ఆలుగడ్డ, బఠానీ కూరి వేయించి, చితకొట్టి, మీద తీపి పచ్చడీ కారం పచ్చడీ పోసి ఇస్తారు. ప్లేటు 40 రూపాయలు. నాకు, బామ్మర్దికి నచ్చింది. ఆమె మాత్రం హోటల్లో పప్పులో బెల్లం తగిలిన క్షణం నుంచి అన్నిటినీ అనుమానంగా చూస్తూ, సంచిలో తెచ్చుకున్న ఎల్లిపాయ కారం తీసి పెరుగన్నంతో ముగించింది.

ఫిబ్రవరి 13, గురువారం: నరారా, వేళ తప్పిన రోజు

జామ్‌నగర్ నుంచి ద్వారక దారిలో 60 కిలోమీటర్లు పోతే నరారా వస్తుంది. మేము పొద్దున్నే తొమ్మిదింటికి బయలుదేరి, దారిలో తీరిగ్గా టీలు తాగి, వాడీనార్ దగ్గర డ్రైవరు తప్పు మలుపు తీసుకోవడంతో చమురు ట్యాంకుల కంచె పక్కన అరగంట తిరిగి, ఒంటిగంటకు ఉద్యానం గేటు దగ్గర దిగాం. గేటు అవతల సముద్రం నిండుగా ఉంది. నడవడానికి అడుగు నేల కూడా లేదు.

కాపలా ఉన్న అటవీశాఖ మనిషి మమ్మల్ని చూసి నవ్వలేదు. చాలామంది ఇలాగే వస్తారేమో. "అభీ భర్తీ హై. ఓట్ మే ఆనా" అన్నాడు. భర్తీ అంటే పోటు, ఓట్ అంటే ఆటు. మన దగ్గర భర్తీ అనగానే ఉద్యోగాలే గుర్తుకొస్తాయి. ఇక్కడ సముద్రమే భర్తీ అవుతుంది. ఓట్, ఆటు అన్న మాటలు కూడా చెవికి చుట్టాల్లా వినిపించాయి, నిజంగా చుట్టరికం ఉందో లేదో భాషాపండితులు చెప్పాలి. అతను గోడ మీది పట్టిక చూపించి వివరించాడు: రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, ప్రతి రోజూ ముందు రోజుకంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యం, అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీరు అన్నిటికంటే ఎక్కువ పైకి వచ్చి, అన్నిటికంటే ఎక్కువ వెనక్కి పోతుంది. నిన్ననే మాఘ పౌర్ణమి. అంటే మేము సరైన తిథికి, తప్పు గంటకు వచ్చామన్న మాట. రేపు పొద్దున ఏడింటికల్లా రమ్మన్నాడు. బండి కిరాయి 2,800 వృథా అయిందని బామ్మర్ది లెక్క తీశాడు. రేపు మళ్లీ అంతే.

గేటు దగ్గరి బోర్డు మొత్తం చదివే తీరిక ఆ విధంగా దొరికింది. ఈ తీరాన్ని 1980లో అభయారణ్యంగా, అందులో ఒక భాగాన్ని 1982లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. దేశంలో సముద్రానికి ఇచ్చిన మొదటి జాతీయ ఉద్యానం ఇదే. మొత్తం 42 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు, బురద మైదానాలు, మడ అడవులు. సింధుశాఖ గరాటులాగా లోపలికి పోయేకొద్దీ సన్నబడటం వల్ల పోటు నీరు ఇరుక్కుని ఎత్తు పెరుగుతుంది. నోటి దగ్గర ఓఖాలో మూడు నాలుగు మీటర్లుండే తేడా, లోపలి కొసన నవ్‌లఖీ దగ్గర ఏడు మీటర్ల దాకా వస్తుంది. మంచినీళ్లు తెచ్చే పెద్ద నది ఏదీ ఇందులో కలవదు, ఎండ మాత్రం దండిగా కాస్తుంది. అందుకే ఇక్కడి నీళ్లు మామూలు సముద్రం కంటే ఉప్పన.

తిరిగి పోయే ముందు ఒక పాయ గట్టున మడచెట్ల దగ్గర ఆగాం. ఎక్కువ భాగం తెల్లమడే, మన కోరింగలో ఉండేదే. చెట్టు చుట్టూ బురదలో నుంచి వేల కొద్దీ వేళ్లు, పెన్సిళ్లు గుచ్చినట్టు నిటారుగా లేచి ఉన్నాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ఆ వేళ్లతోనే ఊపిరి తీసుకుంటుంది. ఆకు వెనక నాలుక ఆనించి చూశాను, ఉప్పగా తగిలింది. ఒంట్లో ఎక్కువైన ఉప్పును ఆకుల నుంచే కక్కేస్తుంది. ఆ పాయలో నడుము లోతు నీళ్లలో నిలబడి ఆరేడు ఒంటెలు మడ ఆకులు మేస్తున్నాయి. వాటిని ఖరాయి ఒంటెలంటారు. ఖారు అంటే ఉప్పన. మడ అడవి కోసం దీవి నుంచి దీవికి ఈదుకుంటూ పోగలవు. 2015లో వీటిని ప్రత్యేక జాతిగా గుర్తించారు. ఒంటె ఈదుతుందంటే మా ఇంటామె నమ్మలేదు. ఒకటి మెడ మాత్రమే పైకి ఉంచి పాయ దాటి అవతలి గట్టుకు చేరేదాకా రెప్ప వేయకుండా చూసి, "గొర్రెలు గూడ గింత మంచిగ దాటయి" అన్నది.

మధ్యాహ్నం రహదారి పక్కన ఒక కాఠియావాడీ భోజనశాలలో ఆమె అలక తీరింది. సజ్జరొట్టె, అక్కడ రోట్లో అంటారు, మన రొట్టె కంటే మందం, మీద తెల్ల వెన్న ముద్ద. కాల్చిన వంకాయ పచ్చడి, ఎల్లిపాయ కారం, మజ్జిగ. ఎందులోనూ తీపి లేదు. మనిషికి 180 రూపాయలు, ఎన్ని రొట్టెలైనా. వడ్డించే పెద్దాయన విస్తరిలో చేయి ఆగితే ఊరుకోడు. వద్దని చేయి అడ్డం పెడితే, చేతి పక్క నుంచి వెన్న జార్చి పోయాడు.

ఫిబ్రవరి 14, శుక్రవారం: నరారా, ఓట్ వేళ

అయిదున్నరకు బయలుదేరాం. ఏడు దాటుతుండగా గేటు దగ్గర నిలబడేసరికి, నిన్న నీళ్లున్న చోట కనుచూపు మేర తడి నేల. నీళ్లు ఎక్కడో గీతలా మెరుస్తున్నాయి, ఆ గీత మీద చమురు ఓడలు నిలబడి ఉన్నాయి. నీటి అడుగున వాటి పైపులు ఈ ఉద్యానం గుండానే ఒడ్డుకు వస్తాయని గైడు చెప్పాడు. ఇరవై అయిదేళ్ల కుర్రవాడు, దగ్గరి మత్స్యకారుల పల్లె. టికెట్లు, గైడు రుసుము కలిపి ముగ్గురికీ ఆరువందలు దాటలేదు. నా బూట్లు చూసి తలూపాడు, బామ్మర్ది రబ్బరు చెప్పులు చూసి పెదవి విరిచాడు. నా వెనకే నడవండి, నేను కాలు పెట్టిన చోటే కాలు పెట్టండి, దేన్నీ ముట్టుకోవద్దు అన్నాడు. మొదటిసారి గనిలోకి దిగిన రోజున సర్దారు నాకు చెప్పిన మాటలూ ఇవే.

మొదటి అరకిలోమీటరు వట్టి బురద. దాన్ని వట్టిదనడం తప్పు. వంగి చూస్తే బురదంతా చిల్లులు, ప్రతి చిల్లు పక్కనా మినపగింజలంత ఇసుక గుళికలు. చిన్న పీతలు ఇసుకను నోట్లో పెట్టుకుని, తినదగ్గది తిని, మిగిలింది గుళిక చేసి పక్కన పెడతాయి. దూరంగా నలుపు తెలుపు రంగుల్లో, మందపాటి ముక్కుతో పొడుగు కాళ్ల పక్షులు పది పన్నెండు నిలబడి ఉన్నాయి. పీతలే వాటి తిండి, క్రాబ్ ప్లవర్ అంటారు. పక్షులు చూసేవాళ్లు దీని కోసమే ఇంత దూరం వస్తారట. రెండడుగులు పరుగెత్తి, ఆగి, తల వంచి, ఒక్క పోటుతో పీతను పట్టి, కాళ్లు ఊడేదాకా విదిలించి మింగడం రెండుసార్లు చూశాను.

తర్వాత నేల గట్టిపడింది. పలకలాంటి రాతి అరుగు, దాని మీద మోకాలి లోతు మడుగులు, మడుగుల మధ్య గుండ్లు. కొన్ని గుండ్లు బుట్టంత, కొన్ని రోలంత. మీద మెలికలు తిరిగిన గీతలు, తేనెపట్టు లాంటి గళ్లు. నాకు తెలియకుండానే చేయి పనిచేసింది. గైడు పక్కన పెట్టిన కర్ర అందుకుని, ఆ గుండు పలుకుతుందా, డొల్లనా అని ఒకసారి తట్టబోయాను. కుర్రవాడు గభాల్న నా చేయి పట్టుకున్నాడు.

"కాకా, జీవతు ఛే!"

గుజరాతీలో కాకా అంటే చిన్నాయన. మన వైపు కూడా కాక అంటే అంతే. ఆ పిలుపు అర్థమైంది. జీవతు అన్న మాట అర్థం కావడానికి కూడా దుబాసి అక్కర్లేదు. అతను నన్ను కూర్చోబెట్టి, మడుగులో మునిగి ఉన్న మరో గుండును చూపించాడు. దాని ఒళ్లంతా గడ్డిపూల్లా, వేలి గోరంత పూలు విచ్చుకుని నీటి కదలికకు ఊగుతున్నాయి. ప్రతి పువ్వూ ఒక పగడపు జీవి, మధ్యలో నోరు, చుట్టూ చేతులు. నా నీడ పడగానే దగ్గరివి ముడుచుకున్నాయి. ఒకదాని నుంచి పక్కదానికి, దాని నుంచి ఆ పక్కదానికి ఆ ముడుచుకోవడం గాలి తగిలిన వరిచేనులా పాకింది. ఈ జీవి నీళ్లలోని సున్నాన్ని తీసుకుని, తన కింద తానే గూడు కట్టుకుంటూ, పాత గూటి మీదికి ఎక్కి మళ్లీ కట్టుకుంటూ పోతుంది. రాయిలా కనిపించేదంతా దాని తాతముత్తాతల గూళ్లే, బతికి ఉన్నది పైన చర్మమంత పొర మాత్రమే. ఆ పొరలో కంటికి కనిపించని నాచుకణాలు ఉండి ఎండతో ఆహారం వండి పెడతాయి. రంగు కూడా వాటిదే. నీళ్లు మరీ వేడెక్కితే పగడం ఆ నాచును బయటికి తోసేసి తెల్లబారిపోతుంది, అలాగే కొన్ని వారాలుంటే చస్తుంది. ఇలాంటి గుండు ఏడాదికి సెంటీమీటరు పెరగడమే గొప్ప. నేను తట్టబోయిన రోలంత గుండు వయసులో నాకంటే పెద్దదై ఉంటుంది.

నేను కర్ర వెనక్కి ఇచ్చేశాను. ఆ తర్వాత రెండు గంటలూ చేతులు వెనక్కి కట్టుకునే నడిచాను.

ఈ సింధుశాఖ పగడాలకు అనుకూలమైన చోటేమీ కాదు. పోటుకు కలిసి వచ్చే ఒండు మీద పడుతుంది, ఆటుకు ఎండలో గంటల తరబడి ఆరిపోతాయి, ఉప్పు ఎక్కువ. అందుకే సున్నితమైన కొమ్ముల పగడాలకు బదులు ఇక్కడ ఎక్కువగా గుండ్లలా, పలకల్లా పెరిగే మొండి రకాలే కనిపిస్తాయి. నలభైకి పైగా గట్టి పగడపు జాతులు ఈ కష్టాన్నంతా ఓర్చుకుని బతుకుతున్నాయి. ఓర్చుకోలేనిది మనిషి పనే: ఉద్యానం కాకముందు సిమెంటు కోసం ఈ తీరపు పగడపు ఇసుకను ఏళ్లపాటు తవ్వి తీశారు. ఆ మాట వినగానే మా బసంత్‌నగర్ గుర్తుకొచ్చింది. అక్కడి సున్నపురాయి కూడా ఒకప్పటి సముద్రపు అడుగే, కాకపోతే వంద కోట్ల ఏళ్లు దాటినది. పగడం అన్న జీవి అప్పటికి పుట్టనే లేదు. చచ్చిన సముద్రం నుంచి సిమెంటు తీయడం వేరు, బతికున్నదాని నుంచి తీయడం వేరు.

ఆక్టోపస్‌ను కుర్రవాడు ఎలా కనిపెట్టాడో చెప్పాలి. రాతి పగులు ముందు ఖాళీ పీత చిప్పలు, గవ్వలు కుప్పగా పడి ఉన్నాయి. "తిని బయట పారేసింది, ఇల్లు ఇదే" అన్నాడు. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాం. నేను చూస్తున్న రాయిలోనే ఒక భాగం ఊపిరి తీసుకుంది. మొదట కన్ను కనిపించింది, మేకకన్నులా అడ్డగీత. తర్వాత ఒక చేయి. అది పగులు నుంచి జారి నాచు మీదికి రాగానే ఆకుపచ్చ గోధుమరంగుకు, ఇసుక మీదికి రాగానే ఇసుక రంగుకు మారింది. రంగే కాదు, ఒంటి మీద గరుకుదనం కూడా లేచింది, పడింది. దానికి మూడు గుండెలు, నీలిరంగు నెత్తురు. రెండు మడుగుల మధ్య ఉన్న తడిరాతిని దాటి అవతలి మడుగులోకి జారి, నల్లటి సిరా ఒక చుక్క వదిలి మాయమైంది.

పక్క గుంపు గైడు బుంగచేపను చేతిలోకి తీసుకున్నాడు. అది బెదిరి నీళ్లు మింగి బంతిలా ఉబ్బింది. పిల్లలు కేరింతలు కొట్టారు, తల్లి ఫోటో తీసింది. దాని ఒంట్లోని విషానికి విరుగుడు మందు లేదని ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. అంతకంటే, ప్రాణభయంతో ఉబ్బిన దాన్ని చూసి మనం నవ్వడం నాకు బాధ కలిగించింది. మా కుర్రవాడు అటు తిరగకుండా, తక్కువ గొంతుతో, "మాదీ ఒకప్పుడు అదే పని. ఇప్పుడు మానేశాం, కొందరు మానలేదు" అన్నాడు.

తొమ్మిది దాటాక ఈల వేశాడు. ఎదుట నీళ్ల గీత ఇంకా దూరంగానే కనిపిస్తోంది. తొందరెందుకని బామ్మర్ది సముద్రపు దోసకాయ అనే ఒక జీవి దగ్గర ఆగాడు. గైడు వెనక్కి చూపించాడు: మేము దాటి వచ్చిన కాలువలోకి పక్క నుంచి నీళ్లు చప్పుడు లేకుండా వచ్చి చేరుతున్నాయి. చదును నేల మీద సముద్రం ఎదురుగా రాదు, ముందు పల్లాలు నింపుకుని వెనక నుంచి చుట్టుముడుతుంది. గనిలో నీటి ఊట కూడా ఇలాగే వస్తుంది కాబట్టి నేను మారుమాట లేకుండా నడిచాను. బామ్మర్ది పరుగులో ఒక చెప్పు బురదకు అప్పజెప్పి, రాతి నత్తగుల్లల మీద మడమ కోసుకున్నాడు. గేటు దగ్గర కాపలా మనిషి డెటాల్‌తో కడిగి కట్టు కట్టాడు. చెప్పుల గురించి ఒక్క మాట అనలేదు. ఆ మౌనానికి బామ్మర్ది ఇంకా ఎక్కువ సిగ్గుపడ్డాడు.

ఫిబ్రవరి 15, శనివారం: ఖిజడియా

కుంటుతున్న మనిషిని పెట్టుకుని దూరం పోలేక, జామ్‌నగర్‌కు పది పన్నెండు కిలోమీటర్లలో ఉన్న ఖిజడియా పక్షుల అభయారణ్యానికి వెళ్లాం. సంస్థానం రోజుల్లో ఉప్పునీరు పొలాల్లోకి రాకుండా పొడుగాటి కట్ట పోశారు. ఆ కట్టే ఇప్పుడు అక్కడి వింత: కట్టకు ఒకవైపు వాననీటి చెరువు, తుంగ, తామర, మరోవైపు ఉప్పునీటి మడుగు, మడ, ఉప్పుమళ్లు. అంతర్జాతీయ రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరినట్టు 2022లో ప్రకటించారు. మా పాకాల కట్ట మీద నడిచినట్టే నడుస్తూ, ఎడమకు తల తిప్పితే నీటికోళ్లు, గూడబాతులు, కుడికి తిప్పితే ఫ్లెమింగోలు చూశాం. సాయంత్రం కుంజ్ అని వాళ్లు పిలిచే పెద్ద కొంగలు వందల్లో వరసకట్టి దిగాయి; వాటి అరుపు కనిపించడానికి చాలాముందే వినిపించింది. మేడారంలో ఆ రోజే జాతర ముగింపు. మా ఇంటామె పడమటి వైపు నిలబడి, తూర్పుకు తిరిగి దండం పెట్టుకుంది.

ఫిబ్రవరి 16, ఆదివారం: ద్వారక

దర్శనం వరస రెండు గంటలు. 72 స్తంభాల గుడి, కట్టిన రాయి మాత్రం మన వేయిస్తంభాల గుడి నల్లరాయిలా నునుపు తేలేది కాదు; లేత పసుపు సున్నపురాయి, ఉప్పుగాలికి అరిగి గరుకుతేలింది. గోమతి ఘాట్ అవతల తీరపు బండల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూస్తే రాయంతా నలిగిన గవ్వలు, చిప్పల ముక్కలే. నరారాలో చూసినదే, సముద్రం దిగిపోయి గట్టిపడ్డాక.

ఘాట్ దుకాణాల్లో శంఖాలు, గోమతి చక్రాలు, వాటి పక్కన చక్రశిలలు అమ్ముతున్నారు. గోమతి చక్రం ఒక సముద్రపు నత్త తన గుమ్మానికి పెట్టుకునే మూత. చక్రశిలను చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాను: అరచేతిలో ఇమిడే తెల్లటి రాయి, మీద చక్రాలు, ప్రతి చక్రంలో మధ్య నుంచి అంచుకు బండిచక్రపు ఆకుల్లాంటి గీతలు. శుక్రవారం మడుగులో నా నీడకు ముడుచుకున్న జీవి కట్టుకునే గూడు అచ్చం ఇలాగే ఉంటుంది. దుకాణదారు 350 చెప్పి, నా మొహం చూసి 200కు దిగాడు. 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, పులి పక్కనే ఉన్నాయి. ఇది ఎప్పటి రాయో, ఎక్కడిదో అతనికీ తెలియదు. కింద పెట్టేశాను. అయ్యగారికి కచోరీ డబ్బా ఒకటి కొన్నాం, జామ్‌నగర్ ఎండు కచోరీ నెలైనా పాడు కాదని.

ఇంటి దగ్గర

నిన్న సాయంత్రం డబ్బా పట్టుకుని అయ్యగారింటికి వెళ్లి, శిల తేలేదని చెప్పాను, ఎందుకు తేలేదో కూడా చెప్పాను. నొచ్చుకుంటారేమోనని భయపడ్డాను. ఆయన మాట్లాడకుండా లోపలికి వెళ్లి, చేతులు కడుక్కుని, పూజపెట్టెలో సాలగ్రామం పక్కన వస్త్రంలో చుట్టి ఉన్న చిన్న రాయిని తెచ్చారు. వాళ్ల ముత్తాత ద్వారక యాత్ర నుంచి తెచ్చినదట. ముట్టుకోవద్దన్నారు, తానే పీట మీద పెట్టి దీపం దగ్గరికి జరిపారు. నేను జేబులోంచి భూతద్దం తీశాను. చందనం పేరుకున్న చోట్ల కనిపించలేదు గానీ, మూడు చక్రాలు స్పష్టంగా ఉన్నాయి. ఈ జాతి జీవులు గూటి లోపలి గోడలను, అంటే చక్రంలో ఆకుల్లా కనిపించేవాటిని, ఆరు చొప్పున పెంచుతాయని చెప్పాను.

"అయితే ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు అన్నమాట. లెక్కపెట్టు" అని, తమ కళ్లద్దాలు సవరించుకుని తాము కూడా వంగారు. మొదటి చక్రం సరిగ్గా ఇరవై నాలుగుకు వచ్చింది. రెండోదానిలో నాకు ఇరవై రెండు, ఆయనకు ఇరవై మూడు వచ్చాయి. దీపం వత్తి ఎగదోసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం.